గేటు దగ్గర రేకు డబ్బా

ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. అందుకే దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వికారాబాద్‌లో, అనంతగిరి గుట్టల పక్కన ఒక రిసార్ట్ లాన్‌లో తీశారు. వెనక చెట్లు, మధ్యలో మా పప్పు మిల్లు సేటు, ఆయనకు అటూ ఇటూ మేము: లెక్కలు చూసే ఆయన, లారీలు చూసే ఆయన, యంత్రాలు చూసే ఆయన, ప్యాకింగ్ చూసే నేను. చివర్న హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనర్. పనిచేసే చోట మంచి వాతావరణం ఎలా నిర్మించాలి అని ఆ రోజంతా ఆయన మాకు పాఠం చెప్పాడు. సేటు అదే సాయంత్రం ఆ ఫోటోను స్టేటస్‌గా పెట్టి, కింద "మా మిల్లు, మా కుటుంబం" అని రాసి, పక్కన జోడించిన చేతుల బొమ్మ తగిలించాడు.

ఆ ఫోటో తీస్తున్నప్పుడు ఆ కుటుంబంలో ఒకామె కొడుకు తాండూరు ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. ఆమె అక్కడికి నడిచిపోయేంత దూరంలో మా మిల్లులో కూర్చుని కందిపప్పు ప్యాకెట్లకు సీలు వేస్తోంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. నా ఫోన్ ట్రైనర్ గారి వెదురుబుట్టలో ఉంది.

నా బిడ్డ ఇప్పుడే పడుకుంది. అది మళ్ళీ లేచేలోపు జరిగింది జరిగినట్టు రాసుకుంటాను.

మా ఇల్లు వికారాబాద్‌లో. మిల్లు తాండూరులో. పొద్దున రైలెక్కితే మధ్యలో పొలాలు, రాతి గనుల బూడిదరంగు గుట్టలు, ఆ తర్వాత తాండూరు. మా ఆయన ఎదురు దిక్కు రైలెక్కి హైదరాబాద్ పోతాడు. ఇప్పుడిప్పుడే నడక నేర్చిన నా బిడ్డ మా అమ్మ దగ్గర ఉంటుంది. నాకు ఫికర్ ఎక్కువ. రైలు కదలకముందే అమ్మకు ఒకసారి ఫోన్ చేస్తాను, దిగాక ఒకసారి, అది పాలు తాగే వేళకు ఒకసారి. "నువ్వు నన్ను పని చేసుకోనిస్తవా, ఫోన్ ఎత్తుకుంటనే కూసోవాల్నా?" అని అమ్మ విసుక్కుంటుంది. విసుక్కున్నా ఎత్తుతుంది. ఆ గొంతు విన్నాకనే నా చేతులు పనిలో పడతాయి.

నేను ఎం.బి.ఏ. చదివాను. మనుషులతో పని చేయించడం గురించి ఒక పేపర్ ఉండేది, అందులో మంచి మార్కులే వచ్చాయి. పెళ్ళికి ముందు ఈ మిల్లులో సరుకు నాణ్యత చూసే పనిలో చేరాను. కాన్పు సెలవు అయిపోయి తిరిగొచ్చేసరికి ప్యాకింగ్ చూసే ఆయన మానేసి ఉన్నాడు. సేటు నన్ను పిలిచి "ఆడోళ్ళతోని ఆడామెనే మంచిగ మాట్లాడుతది, నువ్వే చూస్కో బిడ్డా" అన్నాడు. సేటువాళ్ళది పూడూరు దిక్కు పెద్ద వ్యవసాయ కుటుంబం. భూమి కొంత అమ్మి మిల్లు పెట్టారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడు, మేడమ్ అనడు. బిడ్డా అంటాడు. మొదట్లో అది నాకు బాగానే అనిపించేది. ఏదైనా కాదని చెప్పాల్సిన ప్రతిసారీ ఆయన ఆ మాటతోనే మొదలుపెడతాడని తెలియడానికి కొంత కాలం పట్టింది.

ప్యాకింగ్‌లో పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. కొందరు చేటలతో పప్పు ఏరతారు, కొందరు తూకం వేస్తారు, కొందరు సీలు వేస్తారు. బంట్వారం దిక్కు నుంచి, బొంరాస్‌పేట నుంచి, తాండూరు వాడల నుంచి వస్తారు. పొద్దున లోపలికి రాగానే ఒక్కొక్కరు గేటు దగ్గర వాచ్‌మన్ ముందున్న పెద్ద రేకు డబ్బాలో తమ ఫోన్ వేయాలి. సాయంత్రం పోయేటప్పుడు తీసుకోవాలి. ఒకప్పుడు ఎవరో అమ్మాయి పప్పు కుప్ప పక్కన నిలబడి రీల్ తీసి పెట్టిందట. హైదరాబాద్ కొనుగోలుదారు అది చూసి, పప్పు పక్కన చెప్పులేంటని సేటును అడిగాడట. ఆ రోజు నుంచి ఈ రూలు. సేటు కోపం నాకు అర్థమైంది. తినే వస్తువు దగ్గర అట్లా చేయకూడదు. కానీ ఒక్క పిల్ల తీసిన రీలుకు అందరి ఫోన్లూ డబ్బాలోకి పోయాయి. ఆ పిల్ల మానేసి చాన్నాళ్ళయింది. డబ్బా మాత్రం ఉండిపోయింది.

నా ఫోన్ మాత్రం నా దగ్గరే ఉండేది. ఇన్‌ఛార్జిని కదా.

అందుకని ఆడవాళ్ళంతా నా నంబర్ ఇళ్ళల్లో ఇచ్చారు. నన్ను ఎవరూ అడగలేదు, ఒకరిని చూసి ఒకరు ఇచ్చుకుంటూ పోయారు. అంగన్‌వాడీ టీచర్లు, అత్తలు, పక్కింటివాళ్ళు, మొగుళ్ళు అందరూ నాకే చేసేవాళ్ళు. "మేడమ్, మా ఆమెకు జర చెప్పు, గ్యాస్ అయిపోయింది." "మేడమ్, తాళం చెవి ఏడ పెట్టిందో అడుగు." కొంతమంది మొగుళ్ళు అయితే "ఆమె ఉన్నదా లోపల?" అని మాత్రమే అడిగేవాళ్ళు. ఉందని చెప్తే పెట్టేసేవాళ్ళు. ఆ ఫోన్లు నాకు నచ్చేవి కావు. నేను ఉత్త టెలిఫోన్ బూత్‌లా అయిపోయానని నవ్వుకునేదాన్ని. ఆ బూత్ ఒక పూట మూసేస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. సేటుకైతే ఆ బూత్ ఉందని కూడా పట్టలేదు.

శిక్షణ రోజు ట్రైనర్ ముందుగా బుట్ట పట్టుకుని మా మధ్యకు వచ్చాడు. "అందరి ఫోన్లూ ఇందులో వేయండి. ఈ రోజు మనం మనసా వాచా ఇక్కడే ఉందాం" అన్నాడు.

"సర్, మా ఆడవాళ్ళ ఇళ్ళ నుంచి నాకే ఫోన్లు వస్తాయి" అన్నాను.

సేటు నవ్వాడు. "ఒక్క పూట ఫోన్ లేకుంటే దునియా మునుగుతదా బిడ్డా? ఎయ్యి."

వేశాను. ఆయన కూడా వేశాడు. ఆయనకు రెండు ఫోన్లు, ఒకటి వేశాడు.

తర్వాత దారపు ఉండ ఒకటి తెచ్చి ఒకరి మీదికి ఒకరు విసరమన్నారు. అందరి చేతుల్లో దారం చిక్కుపడ్డాక, "చూశారా, మనమంతా ఒకరికొకరం ఎలా ముడిపడి ఉన్నామో!" అన్నాడు ట్రైనర్. లారీలు చూసే ఆయన నా చెవిలో "గిప్పుడు గీ చిక్కు తియ్యనీకె ఇంకో ట్రైనర్ రావాలె" అన్నాడు. నవ్వాను. భోజనాల దగ్గర ఒక్కసారి నా ఫోన్ ఇస్తారా, ఇంట్లో చిన్నపిల్ల ఉందని అడిగాను. "మేడమ్, మీరు వదలలేనిది ఫోన్ కాదు, భయం" అన్నాడు ట్రైనర్. ఆ మాట బాగుందని సేటు తల ఊపాడు. నిజమే కాబోలనుకుని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఆ మనిషి గల్లా పట్టుకుని అడగాలనిపిస్తుంది, అయ్యా, భయపడాల్సిన చోట భయపడటం తప్పని నీకు ఎవరు చెప్పారు?

సాయంత్రం ఫోటో అయ్యాక బుట్ట తిరిగి వచ్చింది. నా ఫోన్ తెర నిండా ఎత్తని ఫోన్లే. నా బిడ్డకే ఏదో అయిందనుకుని గబగబా నంబర్ చూశాను. అమ్మ నంబర్ కాదు. సీలు వేసే బంట్వారం ఆమె అత్త నంబర్. మధ్యాహ్నం నుంచి మళ్ళీ మళ్ళీ చేసింది.

చేయగానే ముసలామె ఎత్తింది. "ఇప్పుడు ఎత్తినవా మేడమ్? పొద్దుగూకినంక ఎత్తినవా? పిల్లగానికి జరమొచ్చి ఫిట్స్ వచ్చినయ్. నోట్లకెల్లి నురగ. వాని అయ్య జీవాలు తోల్కపాయె. నేనొక్కదాన్నే, ఎవర్ని పిలవాలె? పక్కింటి పిల్లడు ఆటో తెస్తే తాండూర్ తెచ్చినం. గీడ్నే ఉన్నం దవాఖాన్ల. వాడు అమ్మ అమ్మ అంటుండు. యాడున్నది వాని అమ్మ?"

వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను. లోపలికి పోయి ఆమెకు చెప్పమన్నాను.

"ఆడోళ్ళు ఉన్న కాడికి నేను పోవద్దన్నడు గద మేడమ్ సేటు."

"పో అంటున్నా! పరుగెత్తు!"

పరుగెత్తాడు. కబురు వినగానే ఆ తల్లి ముఖానికి కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా ఆసుపత్రికి పోయిందని తర్వాత చెప్పారు. మరుసటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ తనే ఇంకో మాట చెప్పాడు. ముసలామె కోడలి ఫోన్‌కు కూడా చేసింది కదా, ఆ ఫోన్ డబ్బాలో ఉంది. "మధ్యాన్నం నుంచి డబ్బ గుర్రు గుర్రు అంటనే ఉండె మేడమ్. రోజు ఉండేదే గద అనుకున్న." ఆ మనిషి మీద కూడా నాకు కోపం రావాలి, రాలేదు. మోగుతున్న డబ్బాను పట్టించుకోకుండా ఉండటమే మేము ఆయనకు నేర్పిన పని.

పిల్లవాడికి ఏమీ కాలేదు. జ్వరం తగ్గింది, ఇంటికి పంపారు. తల్లి మాత్రం పనిలోకి రాలేదు.

సేటు గదిలోకి పోయి జరిగింది చెప్పాను. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"పిల్లగాడు మంచిగనే ఉన్నడు గద?"

"ఉన్నడు సేట్."

"మరింకేంది? దేవుడు సల్లగ చూసిండు. గేటు కాడ ఇద్దరు ఆడోళ్ళు పనికోసం నిలబడ్డరు, అండ్ల ఒకామెను సీలింగ్ మిషన్ కాడ కూసోబెట్టు. కొత్త కందులు దిగుతున్నయ్, మిషన్ ఖాళీ ఉండొద్దు."

"ఆ సీటు ఆమెది సేట్. ఆమె రానని చెప్పేదాకా నేను ఎవరినీ కూర్చోబెట్టను."

"కోపం జల్ది వస్తది బిడ్డా నీకు. లీడర్‌కు కోపం ఉండొద్దని మొన్ననే చెప్పిండు గద అంత పెద్ద మనిషి."

నేను బయటికి వచ్చి పొట్టు సంచుల వెనక నిలబడ్డాను. కోపం ఉండొద్దట. ఆ ట్రైనర్ వెయ్యి మాటలు చెప్పాడు, ఓర్పు అన్నాడు, చిరునవ్వు అన్నాడు, వినడం అన్నాడు. అన్నీ కిందివాళ్ళ నొప్పి పైవాళ్ళ చెవిన సున్నితంగా పడేలా చూసే విద్యలే. ఒక్కసారైనా "మీ మిల్లులో ఆడవాళ్ళకు ఇంటి నుంచి కబురు ఎలా వస్తుంది?" అని అడగలేదు. అడిగి ఉంటే దారపు ఉండ అక్కర్లేకపోయేది.

ఆదివారం బిడ్డను చంకనేసుకుని బస్సెక్కి బంట్వారం దిక్కు వాళ్ళ ఊరికి పోయాను. అమ్మ వద్దంది. "వాళ్ళు కోపంల ఉన్నరు, పిల్లను తీస్కపోతవా?" నేను ఇంట్లో వదిలిపోలేకపోయాను. వాళ్ళ ఇంటి ముందు గొర్రెల దొడ్డి, ఖాళీగా ఉంది. భర్త మందను మేపడానికి దూరం పోయాడు. ముసలామె నన్ను చూసి లేవలేదు.

"వచ్చినవా మేడమ్? ఫోన్ తెచ్చినవా, మల్ల యాడన్న మర్సినవా?"

నేను కూర్చున్నాను. ఆ రోజు ఫోన్ బుట్టలో వేసిన సంగతి చెప్పాను. కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పిల్లవాడు ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎటు పోతే అటు తిరుగుతున్నాడు. నా బిడ్డను చూసి నాలుక బయటపెట్టాడు. నా బిడ్డ కూడా పెట్టింది.

"పనికి రా" అన్నాను. "నీ సీటు ఎవరికీ ఇయ్యలే."

"మా ఆయన వద్దంటుండు మేడమ్. పిల్లగాడు సచ్చిపోతున్నా తెల్వని పని ఎందుకంటుండు. నేనేం చెప్పాలె ఆయనకు?"

"నువ్వేమంటున్నవ్?"

ఆమె పిల్లవాడిని దగ్గరికి లాక్కుంది. "నాకు పని గావాలె. జీవాల మీద వచ్చేది జీవాలకే సరిపోతది. నేను మిల్లుల మంచిగనే చేస్త, మీకెర్క. కని ఫోన్ నా నడుముల ఉండాలె. గట్లయితె వస్త. లేకుంటె చేన్లకు కూలికి పోత. ఆడ గట్టు మీద నిలబడి పిలిస్తె ఇనవడ్తది."

ముసలామె మధ్యలోకి వచ్చింది. "ఈ మేడమ్‌తోని ఏమైతది? ఈమె కూడ జీతగత్తెనే గద!"

నాకు చురుక్కుమంది. నిజం కనుక.

తిరుగు బస్సులో బిడ్డ నా ఒళ్ళో నిద్రపోయింది. డబ్బా తీసేయమని సేటును మళ్ళీ అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. రాజీనామా చేస్తానని బెదిరిద్దామా అనుకున్నాను, కానీ నాకు కూడా పని కావాలి. ఆయన సరే పో అంటే నేనే ఇంట్లో కూర్చోవాలి, మిల్లులో డబ్బా అట్లాగే ఉంటుంది. బస్సు దిగేసరికి ఒకటి తోచింది.

మరుసటి రోజు గేటు దగ్గర ఆడవాళ్ళ వరుసలో నిలబడి నా ఫోన్ డబ్బాలో వేశాను.

వాచ్‌మన్ బిత్తరపోయాడు. "మీదెందుకు మేడమ్?"

"రూల్ గద."

చెప్పడం తేలిక. ఆ పొద్దున నా బిడ్డ ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. అమ్మ "ఏం లేదు, పండ్లొస్తున్నయ్" అంది. రైలు దిగాక చేసిన ఫోన్ చివరిది. పది గంటలయ్యేసరికి నాకు పప్పు కనబడలేదు, తూకం కనబడలేదు. గేటు దిక్కు చూస్తూ ఉన్నాను. డబ్బా మోగితే నాదేనేమో అనిపించేది. ఇట్లా వీళ్ళంతా రోజూ ఎలా కూర్చుంటున్నారు? కూర్చుని, నవ్వుతూ, పాటలు పాడుకుంటూ, గింజల్లోంచి రాయి ఎలా ఏరుతున్నారు? ఎవరూ నా మీద జాలి చూపలేదు. చేటల దగ్గర కూర్చునే బొంరాస్‌పేట పెద్దమ్మ మాత్రం "ఏంది మేడమ్, గేటుకు పెండ్లి పిల్లగాడు వస్తుండా?" అంది. అందరూ నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది, ముఖం తిప్పుకున్నాను.

మధ్యాహ్నం ఎండలో సేటు తన గది నుంచి ఆవరణ దాటి నడుచుకుంటూ వచ్చాడు. ఆయన అట్లా నడిచి రావడం ఎవరూ చూడలేదు. గుల్బర్గా దిక్కు నుంచి కందుల లారీ వచ్చిందట, డ్రైవర్ కన్నడంలో ఏదో అడుగుతున్నాడట, కన్నడం వచ్చిన ఆడామెను పంపమని నాకు ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదట. ఇంకో పక్క హైదరాబాద్ కొనుగోలుదారు కూడా నాకు చేసి చేసి చివరికి ఆయనకు చేశాడట.

"ఫోన్ సచ్చిందా? ఎన్నిసార్లు చేయాలె?"

"డబ్బల ఉంది సేట్."

"నీదెందుకు డబ్బల?"

"రూల్ గద."

"నీకు కాదది!"

"ఒకటే కుటుంబం గద సేట్. ఒకే ఇంట్ల ఒకరికో రూల్ ఉంటదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు మెడ ఎర్రబడింది. "చదువుకున్నోళ్ళతోని గిదే పరేషాన్" అని పోయాడు. ఆ సాయంత్రం ఫోన్ తీసుకుని గేటు దగ్గరే నిలబడి అమ్మకు చేశాను. బిడ్డ ఆడుకుంటోంది. జ్వరం లేదు.

మరుసటి రోజు కూడా వేశాను. ఆ మరుసటి రోజు కూడా. మా మధ్య కబుర్లు మోయడానికి వాచ్‌మన్ గేటుకూ ఆఫీసుకూ ప్యాకింగ్‌కూ తిరిగి తిరిగి చెప్పు తెంచుకున్నాడు. లారీలు చూసే ఆయన నన్ను చూసి "జల్ది ఏదో ఒకటి తేల్చు తల్లీ, నీ కొట్లాటల నేను సస్తున్న" అన్నాడు. చివరికి సేటు పిలిపించాడు. ఈసారి బిడ్డా అనలేదు.

"ఎవల ఫోన్ వాళ్ళ దగ్గర పెట్టుకోండ్రి. కని ఎవరన్న రీళ్ళు గీళ్ళు తీస్తె, నిన్ను అడుగుత. వాళ్ళను కాదు."

"నన్నే అడుగుండ్రి."

గెలిచినదాన్ని కదా, గబగబా ప్యాకింగ్‌లోకి పోయి అందరినీ లేపి చెప్పాను. రేపటి నుంచి డబ్బా ఉండదు, వాచ్‌మన్ దాన్ని తుక్కు కింద పడేస్తాడు. చప్పట్లు కొడతారనుకున్నాను. కొంతమంది కొట్టారు. బొంరాస్‌పేట పెద్దమ్మ చేట కింద పెట్టింది.

"నన్ను అడిగినవా బిడ్డా, డబ్బ తియ్యాల్నా వద్దా అని?"

"ఎందుకు పెద్దమ్మా, ఫోన్ నీ దగ్గర ఉంటే మంచిది కాదా?"

"నా మొగడు పొద్దుగాల నుంచి మాపటి దాక చేస్తడు. యాడున్నవ్, ఎవనితోని ఉన్నవ్, ఎవలు నవ్వుతుండ్రు ఎనక. ముసలోడైనా బుద్ధి రాలే. ఫోన్ డబ్బల ఉంటె, సేటు తీస్కున్నడు అని చెప్త. వాడు సేటును తిట్టుకుంటడు, నన్ను కాదు. గింత సేపే నాకు సల్లగ ఉంటది. గది కూడ తీసేస్తవా?"

ఇంకో ఇద్దరు తల వంచుకుని "మాకు కూడ ఉండనీ మేడమ్" అన్నారు.

నాకు మళ్ళీ కోపం వచ్చింది. మొదట ఆమె మీద, ఇంత చేస్తే ఇదా అని. తర్వాత, "ఆమె ఉన్నదా లోపల?" అని నాకు ఫోన్ చేసి పెట్టేసిన ఆ మొగుళ్ళందరి మీద. ఒక ఆడదానికి ప్రశాంతంగా ఉండే చోటు ఒక రేకు డబ్బా వల్ల దొరుకుతోందంటే, దానికి ఎవరిని తిట్టాలి? సేటు అడక్కుండా పెట్టాడు, నేను అడక్కుండా తీసేయబోయాను. ఆ రోజు భోజనాల వేళ అందరం కింద కూర్చున్నాం. ఒక్కొక్కరిని అడిగాను. గంట పట్టింది. గొడవ పడ్డారు, ఒకరి మొగుడి గురించి ఒకరు పరాచికాలాడారు, ఒకామె ఏడ్చింది. చివరికి ఇట్లా తేల్చుకున్నాం: డబ్బా అక్కడే ఉంటుంది, వేయాలనుకున్నవాళ్ళు వేయొచ్చు, మిగతావాళ్ళు ఫోన్ నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకోవాలి, పప్పు దగ్గర బయటికి తీయకూడదు, మోగితే లేచి గోడ పక్కకు పోయి మాట్లాడాలి. డబ్బాలో వేసినవాళ్ళ ఇళ్ళ నుంచి నిజంగా అవసరమైన ఫోన్ వస్తే చెప్పడానికి నా నంబర్ ఉంటుంది, నేను లేని రోజు ఇంకెవరి నంబరో వాళ్ళే ఎంచుకుంటారు. మొగుళ్ళు ఉన్నదా అని అడిగితే మాత్రం "పనిలో ఉంది, సాయంత్రం చెయ్యి" అని పెట్టేయాలి. ఈ ఆఖరిది పెద్దమ్మ చెప్పింది. దానికి మాత్రం అందరూ చప్పట్లు కొట్టారు.

బంట్వారం ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. ముసలామె ఎత్తి, "నిజమేనా? మల్ల బుట్టల ఏస్తవా?" అంది. నిజమేనన్నాను. రెండు రోజుల తర్వాత కోడలు పనికి వచ్చింది. వాచ్‌మన్ అలవాటుగా డబ్బా ముందుకు జరిపాడు. ఆమె దాని పక్కనుంచి నడిచి లోపలికి వచ్చి తన సీలింగ్ మిషన్ ముందు కూర్చుంది. పొద్దంతా ఆమె చేయి మాటిమాటికీ నడుము మీదికి పోయింది, సంచి ఉందో లేదో చూసుకోవడానికి.

మధ్యాహ్నం తర్వాత సేటు కొనుగోలుదారును వెంటబెట్టుకుని ప్యాకింగ్ చూపించడానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆమె నడుము దగ్గర ఫోన్ మోగింది. పెద్ద శబ్దం, ఏదో జాతర డప్పు మోత. చేటలు ఆగాయి, తూకం ఆగింది. సేటు తిరిగి చూశాడు. ఆమె ముఖం పాలిపోయింది. ఆమె సేటు వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ఆమె లేచి గోడ పక్కకు పోయింది. "ఆ అత్తా... ఏమైంది? ... ఆ ... ఆ ... సరే." పెట్టేసి వెనక్కి తిరిగింది.

"ఏమైందంట?" అన్నాను.

"ఏం లేదంట మేడమ్. అన్నం తిన్నడంట. జరం లేదంట. ఊకెనే చేసిందంట."

సేటు నా దగ్గరికి వచ్చి మెల్లగా, కొనుగోలుదారుకు వినబడకుండా అన్నాడు. "చూసినవా? నేను చెప్పింది గిదే. ఏం లేకున్నా చేస్తరు."

"ఏం లేదని ఆమెకు తెలిసింది సేట్" అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "మొన్న గది తెల్వకనే గద ఆమె ఈడ కూసోని సీలు ఏసింది."

కొనుగోలుదారు ఏదో అర్థమైనట్టు పప్పు చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆమె తన మిషన్ దగ్గరికి నడుస్తోంది.

"పిల్లవాడు ఏమన్నడు?" అని అడిగాను.

"నేను ఎప్పుడొస్తనని అడుగుతుండంట."

"చెప్పినవా?"

"లేదు మేడమ్. సేటు ఈడ్నే ఉన్నడని భయమైంది. పెట్టేసిన."

"మల్ల చెయ్యి. చెప్పు."

సేటు అక్కడే ఉన్నాడు. ఆమె ఫోన్ తీసి, గోడ దాకా కూడా పోకుండా, అక్కడే నిలబడి చేసింది.